ఆధార్‌లో కొడితే దొంగ దొరుకుతాడా?

ఒంగోలులో మా వెనక వీధిలో గత నెల ఒక ఇంట్లో దొంగలు పడ్డారు. ఇంతవరకు ఎవరూ దొరకలేదు. అప్పట్నుంచి వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది: "బీరువా మీద వేలిముద్ర ఉంది. ఆధార్‌లో కొడితే గంటలో దొంగ పేరు, ఊరు వస్తాయి. వేలిముద్ర అబద్ధం చెప్పదు. చెప్పు ముద్ర కూడా ఉంది. అయినా పట్టుకోలేదంటే అర్థం చేసుకోండి." నాకు నలుగురు పంపారు. అందులో ఇద్దరు టీచర్లు.

ముందు ఆధార్ సంగతి. ఆధార్ చట్టం 29వ సెక్షన్ ప్రకారం అందులోని వేలిముద్రలు ఎవరికీ ఇవ్వకూడదు. ఆ చట్టం రాకముందే, గోవాలో ఒక అత్యాచారం కేసులో సీబీఐకి ఇవ్వమని బాంబే హైకోర్టు చెబితే 2014లో సుప్రీంకోర్టు ఆపేసింది. పోలీసులు వెతికేది 2022లో మొదలైన నాఫిస్‌లో, అంటే దేశంలోని పోలీసులందరికీ కలిపి ఉన్న వేలిముద్రల డేటాబేస్‌లో. అందులో ఉండేవి ముఖ్యంగా పాత కేసుల్లో దొరికినవాళ్ల వేళ్లు. కొత్తగా దొంగతనానికి దిగినవాడు అక్కడెందుకుంటాడు?

సరే, ఉన్నాడనే అనుకుందాం. రేషన్ తీసుకునేచోట ఒకసారి నిలబడి చూడండి. చీమకుర్తి క్వారీలో రాళ్లు మోసే మనిషి వేలు లుంగీకి తుడుచుకుని పెడతాడు, పడదు. తడిపి పెడతాడు, పడదు. "ఇంకో వేలు పెట్టయ్యా" అంటారు. మనిషి ఎదురుగా ఉండి, శుభ్రమైన గాజు మీద కావాలని ఒత్తితేనే ఇంత తంటా. చెమట చేత్తో బీరువా తలుపు మీద జారిన సగం బొటనవేలికి మనవాళ్లు గంట టైం ఇస్తున్నారు!

"వేలిముద్ర అబద్ధం చెప్పదు." చెప్పదు, కానీ దాన్ని చదివేది మనిషి. 2004లో మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలాక, డిటొనేటర్లున్న సంచి మీద ఒక ముద్ర దొరికింది. అమెరికాలో ఎఫ్‌బీఐ కంప్యూటర్ దానికి దగ్గరగా ఉన్నవాళ్ల జాబితా ఇచ్చింది, పేరు కాదు, జాబితా. అందులోంచి నిపుణులు ఒరెగాన్ లాయరు బ్రాండన్ మేఫీల్డ్‌ను తేల్చారు. ఆయన్ను రెండు వారాలు నిర్బంధించారు. తీరా ఆ ముద్ర ఒక అల్జీరియా మనిషిదని స్పెయిన్ పోలీసులు తేల్చారు. ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది.

ముద్ర సరిగ్గా కలిసినా, ఆ వేలు అక్కడ తగిలిందనే తెలుస్తుంది. ఎప్పుడు తగిలిందో తెలియదు. ఆ బీరువాను పండక్కి రంగులేసినవాడు ముట్టుకున్నాడు, పనిమనిషి రోజూ తుడుస్తుంది. అందుకే క్లూస్ టీం ముందు ఇంట్లోవాళ్ల వేలిముద్రలే అడుగుతుంది, వాటిని పక్కన పెట్టడానికి. ఆ ఇంటి పెద్దాయన మాత్రం "సొమ్ము పోగొట్టుకున్న మమ్మల్నే అనుమానిస్తారా" అని అలిగి కూర్చున్నాడు.

ఇక చెప్పు ముద్ర. దాంట్లో మొదట తెలిసేది డిజైను, సైజు. ఆ జత ట్రంకు రోడ్డులో ఎన్ని వందలమంది కొన్నారో! ఫలానా చెప్పే అనాలంటే మడమ దగ్గర అరుగుదల, అడుగున కోత, ఇరుక్కున్న గులకరాయి లాంటివి కలవాలి. అందుకే పక్కన స్కేలు పెట్టి, పక్కనుంచి లైటు వేసి ఫోటో తీస్తారు, మట్టిలో అయితే అచ్చు పోస్తారు. చెప్పు నెల తర్వాత దొరికితే ఈలోగా ఇంకా అరిగిపోయి ఉంటుంది.

అసలు "చెప్పు ముద్ర ఉంది" అన్నదే తప్పు. ఉండేది. క్లూస్ టీం వచ్చేలోపు పక్కింటావిడ అలవాటుగా వాకిట్లో కళ్లాపి చల్లేసింది. వీధంతా చూడ్డానికి వచ్చాం. ఆ తడి మన్నులో చివరికి మిగిలినవి మా చెప్పుల ముద్రలే. నావీ ఉన్నాయి, 8 నంబరు హవాయివి.