జైలు రిజిస్టర్‌లోని ‘లింగం’ గడి గారికి

అయ్యా అనాలో అమ్మా అనాలో తేల్చుకోలేక ‘గడి గారూ’ అంటున్నాను. మీకైతే ఇలాంటి తికమక ఎప్పుడూ రాలేదు. అందుకే మీరంటే నాకంత గౌరవం.

పేరు, తండ్రి పేరు, పుట్టుమచ్చలు. ఆ వరుసలో మీరూ ఉంటారు. ఎదురుగా చీర కట్టుకుని నిలబడ్డ మనిషిని రైటరు ఎగాదిగా చూస్తాడు, ఆధార్ కార్డు చూస్తాడు, మీ కడుపులో ‘పు’ అని రాస్తాడు. అంతే, గడిని బట్టి గది. మగవాళ్ల తలాషీ, మగవాళ్ల బ్యారక్, మగవాళ్ల నీళ్ల తొట్టి. ఎవరూ లేవకముందే నాలుగు చెంబులు పోసుకుందామని ఆమె అనుకుంటుంది. కానీ బ్యారక్ తాళం తీసేదే తెల్లారాక. అప్పటికి తొట్టి చుట్టూ జాతర.

మీ వంశంలో ఒక పెద్దాయన ఉండేవాడు, గుర్తుందా? నిజాం కాలం, 1329 ఫస్లీ, అంటే 1919. హిజ్రాల పేర్లు, చిరునామాలు రాసుకోడానికి హైదరాబాద్‌లో ప్రత్యేకంగా రిజిస్టర్ పెట్టారు. ఆడబట్టల్లో బజార్లో కనిపిస్తే వారెంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల దాకా జైలు. పట్టుకోవాలనుకున్నప్పుడు సర్కారుకి ఎంత చక్కగా కనబడ్డారో చూడండి! ఎవరి లింగం వాళ్లే చెప్పుకోవచ్చని సుప్రీంకోర్టు 2014లో అన్నాక కూడా ఆ చట్టం పుస్తకాల్లో చెదలు పట్టకుండా ఉంది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది.

జైలు లెక్కల్లో మాత్రం వాళ్లకంటూ ఒక గడి దొరకడానికి జాతీయ నేర రికార్డుల బ్యూరో వారి 2020 నివేదిక దాకా ఆగాల్సి వచ్చింది. అదీ ఢిల్లీ హైకోర్టులో కేసు పడ్డాక. ఆ ఏడాది దేశం మొత్తం ఖైదీలు 4,88,511 మంది, ట్రాన్స్‌జెండర్లు 70. పాత రకం స్లీపర్ బోగీలో 72 బెర్తులుంటాయి. అందర్నీ ఎక్కించినా రెండు బెర్తులు ఖాళీ! మిగతావాళ్లు మీ ‘పు’లో ఎక్కడున్నారో మీకే తెలియాలి.

2022 జనవరిలో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. విడిగా ఉంచండి, అలాగని ఒంటరిగా పడేయకండి అని. ఉత్తరాలదేముంది లెండి, నేనూ రాస్తున్నాను.

మీ అక్షరానికి విలువ కూడా ఉందండోయ్. అత్యాచారం సెక్షన్ ‘స్త్రీ’ అనే అంటుంది, కనీస శిక్ష 10 ఏళ్లు. ‘పు’ అని రాసుకున్న మనిషిని ఆ సెక్షన్ గుమ్మంలోనే ఆపుతుంది. ఆమె కోసమని తెచ్చిన 2019 ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టంలో లైంగిక దాడికి శిక్ష 6 నెలల నుంచి 2 ఏళ్లు. పాత శిక్షాస్మృతిలో, ‘పు’ మీద జరిగిన లైంగిక దాడికీ వర్తించే 377 అనే సెక్షన్ ఒకటుండేది, దాని స్థానంలో 2024 జూలైలో వచ్చిన న్యాయ సంహితలో అదీ లేదు. ఒక్క అక్షరానికి తక్కువలో తక్కువ 8 ఏళ్ల తేడా. బంగారం కూడా ఇంత పలకదు.

అన్నట్టు, ములాఖత్ రిజిస్టర్‌లో మీ తోబుట్టువు ‘బంధుత్వం’ గడి కులాసాయేనా? మొన్నటి వారం అనుకోండి, ఆమెను చూడ్డానికి గురువు, అంటే ఆమెను చేరదీసిన పెద్ద హిజ్రా, వచ్చింది. జరీ అంచు చీర, సంచిలో బిస్కెట్లు, తలనూనె. ఏమవుతావని అడిగితే ‘అమ్మని’ అంది. రైటరు ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, ‘తండ్రి’ అని రాశాడు.

ఇట్లు,
‘పు’ దగ్గర టిక్కు పెట్టుకుని హాయిగా బతుకుతున్న ఒకడు