పొడి మేతతో ఏంజెల్ చేప పిల్లలు నిలవవు

అక్వేరియంలో ఏంజెల్ చేపల పెంపకం గురించిన వ్యాసంలో, పిల్లలు గుడ్డులోంచి బయటికి రాగానే పొడి మేత చల్లితే చాలని రాశారు. నా మొదటి రెండు విడతలూ అలాగే పోయాయండీ. గుడ్డు పగిలాక నాలుగైదు రోజులు అవి ఆకుకే అతుక్కుని తోకలాడిస్తుంటాయి. పొట్ట కింద పచ్చసొన సంచే అప్పటి తిండి, మనం ఏం వేసినా నీళ్లు పాడవడమే. ఈదడం మొదలెట్టాక మాత్రం అప్పుడే గుడ్డులోంచి వచ్చిన ఆర్టిమియా (ఉప్పునీటి బుల్లి రొయ్యలాంటి జీవి) రోజుకు మూడు నాలుగుసార్లు పడాలి. ఆర్టిమియా గుడ్లను ఉప్పునీళ్లలో వేసి, పంపుతో గాలి పెట్టి 28 డిగ్రీల్లో ఉంచితే దాదాపు ఒక రోజులో పగులుతాయి. పిల్లలు తిన్నాయో లేదో పొట్టే చెబుతుంది, నారింజ రంగు చుక్కలా మెరుస్తుంది. ఫిల్టరు స్పాంజిదే పెట్టండి. మామూలుది పిల్లల్ని లాగేస్తుంది (మా ఆవిడ చూపించేదాకా నేనూ గమనించలేదు). పెద్దవి గుడ్లు తినేస్తే తిట్టుకోకండి, కొత్త జంటలు మొదట్లో చాలావరకు అంతే.