డాలీ మెసెంజర్ డబ్బుకి అమ్ముడుపోలేదు

నిన్న లంచ్ దగ్గర ఐపీఎల్ వేలం మాటొచ్చింది. ఒకాయన "డబ్బొచ్చాక ఆట మీద ప్రేమ పోయిందండీ" అన్నాడు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఇదే మాటకి వందేళ్లకు పైగా వెనక బలైపోయిన రగ్బీ ఆటగాడు ఒకడున్నాడు. సిడ్నీలో పడవలు చేసేవాళ్ల ఇంటి పిల్లాడు, డాలీ మెసెంజర్. అసలు పేరు హెర్బర్ట్. చిన్నప్పుడు బొజ్జ ఉండేదట, అచ్చం డాలీ అనే రాజకీయ నాయకుడిలా ఉన్నాడని ఆ పేరు పెట్టారు.

అప్పట్లో అక్కడ రగ్బీ అమెచ్యూర్ ఆట. ఆటగాడు డబ్బు ముట్టుకుంటే మైల. 1907 జూలైలో సిడ్నీ ఉన్న రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌కీ న్యూజిలాండ్‌కీ జరిగిన మ్యాచ్ చూడ్డానికి సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌కి 50,000 మందికి పైగా వచ్చారు. గేటు డబ్బు ఆటని నడిపే సంఘం రగ్బీ యూనియన్‌కి, దెబ్బలు ఆటగాళ్లకి. ఆ ఏడాదే అలెక్స్ బర్డన్‌కి ఆటలో భుజం దెబ్బతింది. ఆయన మంగలి పని చేసుకుని బతికేవాడు. భుజం లేవనివాడు కత్తెర ఎలా ఆడిస్తాడు, గడ్డం ఎలా గీస్తాడు? వారాల తరబడి పని లేదు, యూనియన్ నుంచి పరిహారం లేదు. కడుపు నిండినవాళ్లకే గౌరవంగా కనిపించే రూలు అది.

అలా పుట్టింది సిడ్నీలో, ఆటగాళ్లకి డబ్బిచ్చే వేరే రగ్బీ, రగ్బీ లీగ్. దాని వెనక జేమ్స్ గిల్టినన్‌తో పాటు ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ విక్టర్ ట్రంపర్ కూడా ఉన్నాడు. అవును, మన క్రికెట్ పిచ్చోళ్లు కథలుగా చెప్పుకునే ఆ ట్రంపరే. జనం రావాలంటే మెసెంజర్ కావాలి. న్యూజిలాండ్ ప్రొఫెషనల్ జట్టు మీద ఆడే మూడు మ్యాచ్‌లకి 180 పౌండ్లు ఇస్తామన్నారు. వాళ్లమ్మ సరే అన్నాకే ఒప్పుకున్నాడంటారు. నాకు ఈ కథలో బాగా నచ్చేది అదే. ఇల్లు నడిపే మనిషికి తెలుసు, ప్రేమతో బియ్యం రావని.

యూనియన్ అతన్ని వెలివేసింది. అంతటితో ఆగలేదు, అతను సాధించినవన్నీ రికార్డుల్లోంచి కొట్టేసింది. అతనేమో ఆ న్యూజిలాండ్ జట్టుతోనే ఇంగ్లండ్ వెళ్లి టూర్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు కొట్టాడు. 1911 సీజన్లో 270 పాయింట్లు. అతని క్లబ్ ఈస్టర్న్ సబర్బ్స్ 1911, 12, 13 వరుసగా మూడేళ్లు ఛాంపియన్. ఆట మీద ప్రేమ లేనివాడు ఇలా ఆడతాడా?

మా బాబాయ్ కబడ్డీలో మోకాలు పోగొట్టుకున్నాడు. ఆ టోర్నమెంట్‌కి టికెట్ పెట్టారు, జనం కిటకిటలాడారు. మర్నాడు కూలికి వెళ్లలేక మంచంలో ఉంటే చూడ్డానికి వచ్చిన నిర్వాహకులు ఒక శాలువా కప్పి వెళ్లారు. పిన్ని ఆ శాలువాని మడిచి పెట్టెలో పెట్టింది, ఎప్పుడూ బయటికి తీయలేదు. అందుకే నాకు బర్డన్ భుజం పరాయి దేశం సంగతిలా అనిపించదు.

ఇంకోటి చెప్పాలి. డబ్బు మైల అన్న ఆ యూనియన్ వాళ్ల రగ్బీయే 1995లో ప్రొఫెషనల్ అయింది. అయినా మెసెంజర్ రికార్డులు వెనక్కి ఇవ్వడానికి 2007 దాకా ఆగారు. 1959లోనే చనిపోయిన మనిషికి.