84 కిలోల బంగారం, ఒక పంచర్

మా ఇంటి ముందున్న యూరప్ కారును చూసి 'సారు పెద్దోడే' అనుకునేవాళ్లలో ఒక్కడు కూడా మెకానిక్ ఉండడు. మెకానిక్‌లైతే కారును చూసి, తర్వాత నన్ను చూసి, 'ఛాయ్ తాగుతరా సారూ' అంటారు.

2008 మోడల్. 2014లో, రాష్ట్రం వచ్చిన సంబరంలో, హైదరాబాద్‌లో ఒక డాక్టరు దగ్గర కొన్నాను. కొత్త ఆల్టో ధరకే ఇంత పెద్ద కారా అని మురిసిపోయాను. తాళం చేతిలో పెడుతూ డాక్టరు నా భుజం తట్టాడు. ఆపరేషన్ థియేటర్ బయట బంధువుల భుజం తట్టినట్టుందే అని నాకు అప్పుడే తట్టాల్సింది.

ఈ కారుకు అంతా ఎడమ చేతివాటం. ఇండికేటర్ కాడ ఎడమవైపు, వైపర్ కాడ కుడివైపు. మన కార్లకు అలవాటుపడ్డవాళ్లు ఎవరు నడిపినా, హన్మకొండ చౌరస్తాలో మే నెల ఎండలో వైపర్లు ఊపుకుంటూ మలుపు తిరుగుతారు. మా బామ్మర్ది మొదటిసారి నడిపొచ్చి, 'బావా, దీనికి ఎండకూ వానకూ తేడా తెలుస్తలేదు' అన్నాడు. బానెట్ తెరిచే లివర్ పక్క సీటువాళ్ల కాళ్ల దగ్గర ఉంటుంది. స్టీరింగ్ ఎడమవైపు ఉండే దేశాల కోసం కారు చేసి, మనకోసం స్టీరింగ్ ఒక్కటి ఇటు జరిపి, అక్కడికి అలసిపోయారన్నమాట. బంకులో బానెట్ ఎత్తాలంటే ముందు మా ఆవిడ కాళ్లు ఎత్తాలి.

2023లో 15 ఏళ్లు నిండితే గ్రీన్ టాక్స్ కట్టి, ఇంకో 5 ఏళ్లకు రిజిస్ట్రేషన్ చేయించాను. 'ముసలోళ్లకు సర్కారు పైసలిస్తది, నీ ముసలి కారుకు మనమే సర్కారుకు కట్టాల్నా' అంది మా ఆవిడ.

ఇక అసలు కథ. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతర 21 నుంచి 24 వరకు. రద్దీలో ఈ కారు మొదటి గేర్లో గంటలకొద్దీ పాకితే ఇంజన్ వేడెక్కుతుంది కాబట్టి, పది రోజుల ముందే బయల్దేరాం. ఉద్యోగం వస్తే సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం, అంటే మనిషి తూగినంత బెల్లం, ఇస్తానని బామ్మర్ది మొక్కుకున్నాడు. మొక్కినప్పుడు 62 కిలోలు. ఉద్యోగం వచ్చాక 84. తల్లుల లెక్కలో వడ్డీ కూడా ఉంటుందని వాడికి అప్పుడు తెలియదు.

ములుగు దగ్గర గట్టమ్మ తల్లికి మొక్కి ముందుకు పోవడం అందరికీ ఆనవాయితీ. ఆ రోజు బ్యాటరీ లైటు వెలిగి ఆరుతూ ఉంది. ఇంజన్ ఆపితే మళ్లీ స్టార్టవుతుందో లేదోనని నేను ఆపలేదు, బండి లోంచే దండం పెట్టాను. మా ఆవిడ ఏమీ అనలేదు. ములుగు దాటి పస్రా వైపు పోతుంటే ఎడమ వెనక టైరు ఉస్సుమంది. అప్పుడు అంది: 'కారు దిగి మొక్కలే. ఇప్పుడు ఎట్లయిన దిగాల్నాయె.'

స్టెప్నీ డిక్కీ అడుగున. దాని మీద 84 కిలోల బెల్లం. ముగ్గురం కలిసి దిమ్మలన్నీ దించి, రోడ్డు పక్కన టవల్ పరిచి పేర్చాం. (స్టెప్నీ అనే మాట కూడా యూరప్‌దే. వేల్స్‌లో లానెల్లీ అనే ఊళ్లో స్టెప్నీ వీధి ఉంది. 1904లో అక్కడి అన్నదమ్ములిద్దరు మొదలుపెట్టిన స్పేర్ చక్రానికి ఆ పేరు పడింది. వాళ్లు మాట మరిచిపోయారు, మనం మోస్తున్నాం.) బామ్మర్ది ఎవరి బండి మీదనో పోయి పంచర్ తాతను వెంటబెట్టుకొచ్చాడు.

తాత జాకీ ఎత్తి బోల్టులు విప్పాడు. నాలుగు ఊడాయి. ఐదోది పానాకు అందలేదు. గుండ్రటి తల, చుట్టూ సన్నటి పళ్లు.

'ఇదేంది సారూ?'

'లాక్ బోల్టు. టైర్లు దొంగలెత్తుకపోకుండ.'

తాత ఒకసారి కారు చుట్టూ తిరిగి చూసి, 'ఎవలెత్తుకపోతరు?' అన్నాడు.

ఆ బోల్టుకు వేరే ముక్క ఒకటి ఉంటుంది. బోల్టు తల మీద అది తొడిగి, దాన్ని పానాతో తిప్పాలి. టూల్ కిట్‌లో దాని గుంట ఉంది, అది లేదు. అమ్మకు ఫోన్ చేశాను.

'అమ్మా, బొటనవేలంత ఇనుప ముక్క, నడుమ బొక్క, లోపల పువ్వు లెక్క గాడులు...'

'అదా? అగరువత్తుల స్టాండు గద! దసరాకు కారు కడిగినప్పుడు దొరికింది. బియ్యం పోసి గుచ్చుతున్న. ఐదు పుల్లలు పడతయ్.'

ఈలోగా ఒక జీపు ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, 'బంగారం కిలో ఎట్లిస్తున్నవన్నా?' అని అడిగాడు. జాతర రోడ్డు మీద బెల్లం ముందేసుకుని నిలబడితే ఇంకేమనుకుంటారు! టోయింగ్ ఖర్చు గుర్తొచ్చి నేను ఒక క్షణం తటపటాయించిన మాట నిజం. బామ్మర్ది నా మొహం చూసి దిమ్మలకు అడ్డంగా నిలబడ్డాడు. వాడు ఇటు అడ్డం ఉంటే, అటునుంచి కోతులొచ్చి రెండు దిమ్మలు పట్టుకుని చెట్టెక్కాయి.

'అక్కా, తూకం తక్కువైతే మొక్కు తీరినట్టేనా?' అని వాడి టెన్షన్.

'పొద్దటి సంది నువ్వేం తినలే. సరికి సరి' అంది వాళ్లక్క.

తాత తన సంచిలోంచి కొంచెం చిన్న సైజు పాత సాకెట్ తీసి, బోల్టు తల మీద పెట్టి సుత్తెతో దిగ్గొట్టాడు. ఒక్కో దెబ్బ నా గుండెలో పడింది. బిగుసుకున్నాక పానా వేసి వేలాడితే, కిర్రుమని కదిలింది. సాకెట్, బోల్టు విడదీయరానంతగా అతుక్కుని వచ్చాయి. రెండింటి ధరా నాదే.

స్టెప్నీ ఎక్కించడం ఇంకో యజ్ఞం. మారుతీకైతే చక్రం తగిలించే హబ్ నుంచి స్టడ్లు, అంటే మరలున్న కడ్డీలు, బయటికి పొడుచుకుని ఉంటాయి, చక్రం తగిలించి నట్లు బిగిస్తే అయిపోయె. దీనికి హబ్ మీద ఉత్త బొక్కలు. చక్రం గాల్లో పట్టుకుని, బొక్కకు బొక్క కలిపి, బోల్టు ఎక్కించాలి. తాత కూర్చుని పాదాల మీద చక్రం లేపితే, నేను పక్కన బోర్లా పడుకుని ఒంటికన్నుతో చూస్తూ 'కొంచెం మీదికి, అగో పోయింది, కొంచెం కిందికి' అన్నాను. నా చొక్కాకు బెల్లం, బెల్లానికి చీమలు. నాలుగు బోల్టులతోనే మెల్లగా మేడారం పోయి, మొక్కు తీర్చుకుని వచ్చాం. తిరుగు దారిలో గట్టమ్మ దగ్గర ఇంజన్ ఆపి, దిగి, కొబ్బరికాయ కొట్టాను. ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయింది. మా ఆవిడ అప్పుడూ ఏమీ అనలేదు.

ఒక చక్రానికి మామూలు బోల్టు వేయించాను. మిగతా మూడింటికి తాళాలు అలాగే ఉన్నాయి. 'దేవుడి కాడ పెట్టింది డిక్కీలో పడేస్తవారా? దూరం పోయేటప్పుడు అడుగు, ఇస్త' అంది అమ్మ. నిన్న భద్రాచలం పోదామని అడిగితే కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి ఇచ్చింది. గాడుల్లో బియ్యపు గింజలు, విరిగిన పుల్ల ముక్క ఒకటి. పిన్నీసు పెట్టి గంట నుంచి గెలుకుతున్నాను, ఇంకా రావట్లేదు.