దేశం లేచింది, జనమే ఇంకా పక్క దిగలేదు

శ్రీలంక కోలుకుంది. ఈ మాట నేను అనడం లేదు, లెక్కలు అంటున్నాయి. లెక్కలు ఇంత స్పష్టంగా చెప్పాక కూడా పప్పు డబ్బా మూత తీసి లోపలికి తొంగిచూసి నిట్టూర్చే జనం మీద ఏం చర్య తీసుకోవాలన్నదే ఈ వ్యాసం విషయం.

జబ్బు ఏ స్థాయిలో వచ్చిందో ముందు గుర్తు చేసుకోవాలి. లేకపోతే వైద్యుల గొప్పతనం తెలియదు. 2022 ఏప్రిల్ 12న శ్రీలంక విదేశీ అప్పులు ఇప్పట్లో కట్టలేనని చేతులెత్తేసింది. వెంటనే వాడుకోదగ్గ విదేశీ మారకం ఐదు కోట్ల డాలర్లు కూడా లేదని ఆర్థిక మంత్రే పార్లమెంటులో చెప్పారు. రోజుకు 13 గంటల కరెంటు కోత. పెట్రోలు క్యూలో నిలబడి నిలబడి ముసలివాళ్లు ప్రాణాలు వదిలారు. కాగితం, సిరా దొరక్క పశ్చిమ రాష్ట్రంలో స్కూలు పరీక్షలు వాయిదా వేశారు. జులై 9న జనం అధ్యక్ష భవనంలోకి చొరబడి ఈతకొలనులో మునకలేశారు. లోపల దొరికిన నోట్ల కట్టలు లెక్కపెడితే కోటీ డెబ్బై ఎనిమిది లక్షల రూపాయలు తేలాయి. పాపం, వాటిని తీసుకెళ్లి పోలీసులకే అప్పగించారు. దివాలా తీసిన దేశంలో నగదు నిల్వలు నిక్షేపంగా ఉన్న చోటు ఒకటుందని లోకానికి అప్పుడే తెలిసింది. ఆ ఇంటాయన గొటబాయ రాజపక్స మాల్దీవుల మీదుగా సింగపూర్ చేరుకుని రాజీనామాను ఈమెయిల్లో పంపారు. కాగితం కొరత మరి.

జబ్బు ఎందుకొచ్చిందంటే తలో కారణం చెబుతారు. 2019 చివర్లో వ్యాట్‌ని 15 శాతం నుంచి 8కి కోశారు. కరోనాతో టూరిస్టులు రావడం మానేశారు. 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేసి, పంట పోయాక నాలుక కరుచుకున్నారు. అప్పు తెచ్చి మత్తలలో విమానాశ్రయం కట్టారు గానీ అక్కడ దిగడానికి విమానాలు మొహమాటపడ్డాయి. మన పెద్దలు దీన్నంతా మూడు మాటల్లో తేల్చేశారు: అప్పు చేసి పప్పుకూడు. లంకవాళ్లు రోజూ వండుకునే పరిప్పు అనే పప్పుకూరకి కావాల్సిన, కందిపప్పు లాంటి ఎర్రపప్పు కూడా విదేశాల నుంచే రావాలి కాబట్టి, ఈ సామెత అక్షరాలా వర్తించే దేశం బహుశా అదొక్కటే.

సరే, ఇప్పుడు రుజువులు.

మొదటిది ద్రవ్యోల్బణం. 2022 సెప్టెంబరులో కొలంబో ధరల సూచీ ఏడాదిలో 69.8 శాతం పెరిగింది. 2023 సెప్టెంబరుకి ఆ పెరుగుదల 1.3 శాతం. 2024 సెప్టెంబరుకి సున్నా కంటే అర శాతం కిందికి. నూట ఐదు డిగ్రీల జ్వరం రెండేళ్లలో ఒళ్లు చల్లబడేదాకా దిగిందన్నమాట. ఇది చూసి ఎవరైనా చప్పట్లు కొడతారు. కొట్టనివాళ్లు ఇళ్లలో ఇలా లెక్క వేసుకుంటారు: 2021లో వంద రూపాయలకొచ్చిన సరుకు 2022లో 170 అయింది, 2023లో 172 అయింది, 2024లో 171 అయింది. కాబట్టి మాకేం తగ్గిందయ్యా, రూపాయి, అంటారు. వీళ్లతో వచ్చిన చిక్కే ఇది. ధర తాటిచెట్టెక్కి కూర్చుంది, నిజమే. కానీ ఇంకా పైకి ఎక్కడం లేదు కదా. ఎక్కనందుకు దానికి శాలువా కప్పాల్సింది పోయి, ఎప్పుడు దిగుతావని కింద నుంచి కేకలేయడం ఏం మర్యాద? ఆర్థికశాస్త్రంలో ధర దిగాలన్న నియమం ఎక్కడా లేదు. కింద నిలబడ్డవాడి మెడనొప్పి కూడా ఆ శాస్త్రం పరిధిలోకి రాదు.

పెట్రోలూ అంతే. 2021 చివర్లో లీటరు 177 ఉండేది (అన్నీ అక్కడి రూపాయలే). 2022 జూన్‌లో 470కి వెళ్లింది. 2025 మొదట్లో మూడొందలకు దగ్గరగా వచ్చింది. మూడొందలంటే ఒకప్పుడు గుండె ఆగే ధర. 470 చూసిన కళ్లకి అదే చవక. ముందు బాగా భయపెట్టి తర్వాత కొంచెం తగ్గించడంలో ఉన్న లాభం పట్టుచీరల కొట్టువాళ్లకి ఎప్పుడో తెలుసు. దేశాలకి ఈమధ్యే తెలిసింది.

రెండోది వృద్ధి. 2024లో ఆర్థిక వ్యవస్థ 5 శాతం పెరిగింది. దీనికి ముందు రెండేళ్ల సంగతి ఎత్తడం నాకు ఇష్టం లేదు గానీ, వ్యాసం నిజాయితీ కోసం ఎత్తుతున్నాను. 2022లో 7.3 శాతం, 2023లో 2.3 శాతం పడిపోయింది. అంటే వంద ఉన్నది మొదట తొంభై మూడుకి, తర్వాత తొంభై ఒకటికి జారి, అక్కడి నుంచి ఐదు శాతం ఎగబాకి తొంభై ఐదు దగ్గర ఆగింది. 2024 చివరికీ వంద రాలేదు. బావిలో పడ్డవాడు సగం దాకా ఎక్కి మోకు పట్టుకుని వేలాడుతుంటే, పైన ఉన్నవాళ్లు "ఎంత బాగా ఎక్కుతున్నాడో" అని ముచ్చటపడుతున్నారు. ముచ్చటే మరి. గట్టు మీద నిలబడ్డవాడు ఏడాదికి ఐదు అడుగులు ఎక్కగలడా?

మూడోది నాకు అన్నిటికంటే నచ్చిన రుజువు. క్యూలు పోయాయి. 2022లో బైకుకి వారానికి నాలుగు లీటర్లని ఫోన్లో క్యూఆర్ కోడ్ చూపించి పోయించుకున్నారు. 2023 సెప్టెంబరు నుంచి ఆ కోడ్ అక్కర్లేదన్నారు. అప్పటి నుంచి బంకులో ఎంతైనా కొట్టించుకోగలిగారు. క్యూ పోవడానికి రెండు దారులున్నాయి: సరుకైనా రావాలి, కొనేవాడైనా పోవాలి. శ్రీలంకలో ఈ రెండూ కలిసి పనిచేశాయి. కరెంటూ అలాగే వచ్చింది. 2022 ఆగస్టులో ఛార్జీలు సగటున 75 శాతం పెంచారు, 2023 ఫిబ్రవరిలో ఇంకో 66 శాతం పెంచారు. ఆ తర్వాత రోజూ గంటల తరబడి కోతలు పెట్టాల్సిన అవసరం ప్రభుత్వానికి రాలేదు. చీకటి పడ్డాక ముందుగదిలో స్విచ్ ఆపేసి, అందరూ వంటింట్లో ఒక్క బల్బు కిందికి చేరుతున్నారు. కోత అధికారాన్ని ఇంటింటికీ పంచిన దేశం ఇంకొకటి చూపించండి.

ఇక విదేశీ ఖాతా. 2023లో శ్రీలంక కరెంట్ అకౌంట్, అంటే విదేశాలకి పోయే డబ్బుకీ అక్కడి నుంచి వచ్చే డబ్బుకీ ఉన్న పద్దు, మిగుల్లో పడింది. ఇలాంటిది చూసి దశాబ్దాలైంది. దిగుమతులు తగ్గాయి, టూరిస్టులు తిరిగొచ్చారు, బయటి నుంచి డబ్బొచ్చింది. ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. 2022లోనూ 2023లోనూ ఏడాదికి దాదాపు మూడు లక్షల మంది పని కోసం దేశం వదిలి వెళ్లారు. వాళ్లు పంపే డాలర్లే ఇప్పుడు దేశం బాగుపడిందనడానికి ముఖ్యమైన ఆధారం. ఇది అర్థం కానివాళ్లు కడప జిల్లాలోనో కోనసీమలోనో ఏ వీధిలోనైనా అడగండి. కువైట్‌లో ఇంటి పనికి వెళ్లిన మన ఆడవాళ్లకి పక్క ఫ్లాట్‌లో అంట్లు తోమే సింహళం ఆవిడ ఎప్పటి నుంచో పరిచయమే. ఇద్దరూ ఎవరి పిల్లల్ని వాళ్లు ఫోన్ తెరలో చూసి లోపలికి వెళ్లి పరాయి పిల్లలకి అన్నం పెడతారు. ఊళ్లో పిల్లల దగ్గర అమ్మమ్మ ఉంటుంది, బ్యాంకు ఖాతాలో మిగులు ఉంటుంది. ఇల్లు ఖాళీ అయ్యేకొద్దీ పద్దు నిండుతుందన్నది ఆర్థికశాస్త్రానికి మన వీధుల కానుక.

అప్పుల సంగతి చెప్పకపోతే ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) వాళ్లు నొచ్చుకుంటారు. 2023 మార్చి 20న సుమారు మూడొందల కోట్ల డాలర్ల అప్పు కార్యక్రమానికి వాళ్లు ఒప్పుకున్నారు. శ్రీలంకకి ఇది పదిహేడోది. పదహారుసార్లు నయమై ఇంటికెళ్లిన రోగి పదిహేడోసారి అదే ఆసుపత్రికి వచ్చాడంటే వైద్యం మీద ఎంత గురి ఉండాలి! వైద్యం ఖర్చుని కూడా న్యాయంగానే పంచారు. దేశీయ అప్పు సర్దుబాటులో బ్యాంకుల చేతిలో ఉన్న ప్రభుత్వ రూపాయి బాండ్ల జోలికి పోలేదు, పోతే బ్యాంకులు కూలుతాయని. ఉద్యోగుల భవిష్య నిధికి మాత్రం పాత బాండ్ల బదులు దీర్ఘకాలం నడిచే కొత్తవి ఇచ్చారు. 2025 దాకా 12 శాతం వడ్డీ, ఆ తర్వాత 9. 2022 చివర్లో ఇదే ప్రభుత్వం 30 శాతం పైన వడ్డీకి బజార్లో అప్పు తెచ్చుకుంది. రిటైర్మెంట్ దగ్గర పడ్డ గుమాస్తా కూలితే చప్పుడు రాదు కదా. పైగా 2024 జనవరిలో అదే గుమాస్తా కొనే సబ్బు మీద వ్యాట్ 18 శాతానికి చేరింది.

విదేశీ బాండ్లవాళ్లతో 2024 డిసెంబరులో ఒప్పందం పూర్తయింది. అందులో కొన్ని బాండ్లకి ముచ్చటైన షరతు ఒకటి ఉంది. దేశం ఐఎంఎఫ్ అంచనా కంటే బాగా కోలుకుంటే వాళ్లకి కట్టాల్సింది పెరుగుతుంది. ఈ లెక్కన శ్రీలంక బాగుపడాలని మనసారా మొక్కుకునేవాళ్లు న్యూయార్క్‌లోనూ లండన్‌లోనూ ఉన్నారు. అదే నెలలో, అప్పు తీర్చే సత్తాకి మార్కులు వేసే ఫిచ్ సంస్థ దేశానికి సీసీసీ ప్లస్ రేటింగ్ ఇచ్చింది. మూడు సీల తర్వాత ప్లస్ ఉందా లేదా అన్నది బిడ్డల ప్రోగ్రెస్ కార్డులో తల్లిదండ్రులు చూసేదే గానీ, దేశాలు కూడా చూసుకుని మురుస్తాయని నాకు ఇంతకు ముందు తెలియదు.

ఇంత జరిగినా జనం కృతజ్ఞత ఎలా ఉందో చూడండి. ఈ కోలుకోవడాన్ని దగ్గరుండి నడిపించిన, గొటబాయ తర్వాత అధ్యక్షుడైన రనిల్ విక్రమసింఘే 2024 సెప్టెంబరులో ఓట్లకి వెళితే మూడో స్థానంలో నిలబెట్టారు. నూటికి పదిహేడు ఓట్లు. గెలిచిన అనుర కుమార దిసనాయకె వచ్చి అదే ఐఎంఎఫ్ కార్యక్రమాన్ని కొనసాగించారు. డాక్టరుని మార్చారు, మందు చీటీ అదే. ప్రపంచ బ్యాంకు లెక్కలో పేదలు 2019లో నూటికి పదకొండు మంది, 2023లో దాదాపు ఇరవై ఆరు. ఓట్లు పడని కారణం ఈ అంకెలో దొరుకుతుందని కొందరంటారు. నేను మాత్రం వీళ్లని కోలుకోవడంలో వెనకబడ్డ తరగతిగా గుర్తించి వదిలేయాలంటాను.

విషయాన్ని ఇంకా లోతుగా పరిశీలించడానికి గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లాను. లంక వంటల్లో ఎరుపుకి మన మిర్చికి చాలాకాలం నాటి చుట్టరికం. వరసకి బాబాయ్ అయ్యే ఒకాయన అక్కడ ముప్పై ఏళ్లుగా కమీషన్ వ్యాపారం చేస్తూ, కొలంబోకి సరుకు పంపే ఎగుమతిదారులకి టిక్కీలు (మిర్చి బస్తాలు) కొనిపెడుతుంటాడు.

"బాబాయ్, లంక కోలుకుందట కదా."

"ఎవరు చెప్పారా?"

"ఐఎంఎఫ్."

"వాళ్లు మిర్చి కొంటారా?"

నేను ఓపిగ్గా వృద్ధి రేటు వివరించాను. ఆయన ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించి గింజ మోత విన్నాడు, తొడిమ విరిచి వాసన చూశాడు, నా మాట కంటే దాన్నే ఎక్కువ నమ్మినట్టు తల ఊపాడు. "అప్పుడు డాలర్లు లేవని అక్కడి బ్యాంకులు సరుకు డబ్బుకి పూచీ పడే ఎల్సీలు తెరవలేదు. సరుకు పోయింది గానీ డబ్బుకి మావాళ్లు ఏడుపు మొహాలేసుకు తిరిగారు. ఇప్పుడు టైముకి వస్తోంది, ఆ మాట ఒప్పుకోవాలి."

"అయితే కోలుకున్నట్టేగా."

"ఏమోరా. మావాడొకడు కారం ఆడించి పంపుతాడు. ఇదివరకు పావు కిలో ప్యాకెట్లు అడిగేవాళ్లట. ఇప్పుడు అవి కొట్లో కదలడం లేదు, యాభై గ్రాములవి వేసి పంపమంటున్నారట. పావు కిలో ఒకటి పోయే చోట చిన్నవి మూడు పోతున్నాయంటాడు."

బాబాయ్ ఇది దిగులుగా చెప్పాడు. చదువుకోని మనిషి. నేను అక్కడే, టిక్కీ మీద కాగితం పెట్టుకుని లెక్క వేశాను. ఒకటి పోయే చోట మూడు. ప్యాకెట్ల అమ్మకాల్లో రెండొందల శాతం వృద్ధి. వచ్చే నివేదికలో ఈ అంకెని మొదటి పేజీలోనే వేయాలని సంబంధిత అధికారులకి ఈ వ్యాసం ద్వారా మనవి చేసుకుంటున్నాను. ఇప్పుడు కాగితానికి కొరత కూడా లేదు.