ఎడిటర్‌కు లేఖ: చూసినవాళ్ళు రాయాల్సిన చోటు

స్థానిక పత్రికకు లేఖ రాద్దామని కూర్చున్న మనిషి చాలాసార్లు దేశం గురించి రాస్తాడు. ప్రభుత్వం ఏం చేయాలి, విదేశాంగ విధానం ఎలా ఉండాలి, యువత ఎటు పోతోంది, ఇలా అన్నిటి మీదా అతనికో మాట ఉంటుంది. అదే మనిషి రోజూ ఆఫీసుకు వెళ్తూ ఆసుపత్రి ముందు రోడ్డు దాటలేక అవస్థ పడుతున్న ముసలివాళ్ళను చూస్తాడు. జనం ఇళ్ళకు బయలుదేరే వేళకే లైబ్రరీ తలుపులు మూసేయడం చూస్తాడు. ఈ సంగతులు ఇంట్లో చెబుతాడు, తోటి ఉద్యోగులతో చెప్పుకుంటాడు. పత్రికకు మాత్రం రాయడు. ఇంత చిన్న విషయం ఎవరు వేస్తారులే అనుకుంటాడు.

నన్నడిగితే పత్రికకు రాయాల్సింది ఆ చిన్న విషయమే. దేశం గురించి మాట్లాడటానికి టీవీ చర్చలు, సోషల్ మీడియా, పెద్ద పత్రికలు ఉన్నాయి. ఆసుపత్రి ముందు రోడ్డుకు ఆ ఊరి పత్రిక తప్ప వేరే దిక్కు లేదు. పైగా ఆ విషయంలో లేఖ రాసే మనిషి స్వయంగా చూసిన సాక్షి. విదేశాంగ విధానం దగ్గరికొస్తే అతను కూడా అందరిలాగే పేపరు చదివి తెలుసుకున్నవాడు. చూసిన మనిషి రాసిన నాలుగు ముక్కలకు ఉండే బలం, విని రాసిన నాలుగు పేరాలకు రాదు.

ఇది నా ఇష్టాయిష్టాల మాటే అనుకోకండి. 2019 జులైలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, పామ్ స్ప్రింగ్స్ నుంచి వెలువడే ‘డెజర్ట్ సన్’ అనే స్థానిక పత్రిక ఒక ప్రయోగం చేసింది. నెల రోజుల పాటు తన అభిప్రాయాల పేజీలో జాతీయ రాజకీయాలకు చోటివ్వలేదు. ఖాళీ అయిన జాగాలోకి ట్రాఫిక్, ఊళ్ళో భవనాల నిర్మాణ శైలి, పర్యావరణం లాంటి స్థానిక విషయాలు వచ్చాయి. ముగ్గురు పరిశోధకులు ఆ నెలకు ముందూ తర్వాతా అక్కడి జనాన్ని సర్వే చేసి, అదే రాష్ట్రంలో ఇలాంటి మార్పేమీ చేయని మరో పత్రిక ఉన్న ప్రాంతంతో పోల్చి చూశారు. అవతలి పార్టీవాళ్ళ మీద పెరుగుతున్న విముఖత పామ్ స్ప్రింగ్స్ వైపు కాస్త నెమ్మదించింది. ఆన్‌లైన్‌లో ఆ పేజీ చదివేవాళ్ళు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యారు. ఒక ఊరు, ఒక నెల. దీన్నిబట్టి ప్రపంచమంతా ఇంతే అనడానికి లేదు. కానీ ‘స్థానిక విషయాలు ఎవరు చదువుతారండీ’ అనే ఎడిటర్లకు ఇది గట్టి జవాబు. పార్టీల గురించి మాట్లాడుకున్నంతసేపూ ఎడమొహం పెడమొహంగా ఉండే ఇద్దరు, సిగ్నల్ లైటు గురించి మాట్లాడేటప్పుడు ఒకే వైపు నిలబడవచ్చు.

సిగ్నల్ లైటు అన్నాను కాబట్టి, దాని మీదే ఒక లేఖ ఊహించుకుందాం. ‘మన నగరంలో పాదచారుల భద్రతను అధికారులు పూర్తిగా గాలికొదిలేశారు. వారికి సామాన్యుల ప్రాణాలంటే లెక్కలేదు. ఇప్పటికైనా కళ్ళు తెరవాలి.’ రాసినవారి ఆవేదన నిజమే. ఇందులో అబద్ధం కూడా ఉండకపోవచ్చు. కానీ ఇది ఏ నగరానికైనా, ఏ సంవత్సరానికైనా సరిపోతుంది. చదివిన అధికారి ‘భద్రతకు కట్టుబడి ఉన్నాం’ అని ఒక్క ముక్క చెప్పి తప్పించుకోవచ్చు.

అదే మనిషి ఇలా రాశాడనుకోండి. ‘జిల్లా ఆసుపత్రి ముందున్న సిగ్నల్ దగ్గర నడిచేవాళ్ళకు పచ్చలైటు 12 సెకన్లే వెలుగుతుంది. చేతికర్ర పట్టుకుని నడిచే మా అమ్మకు ఆ రోడ్డు దాటడానికి 25 సెకన్లు పడుతుంది. మొన్న మంగళవారం ఉదయం ఆమె రోడ్డు మధ్యలో ఉండగానే వాహనాలు కదిలాయి. డయాలసిస్‌కు వచ్చేవాళ్ళు వారానికి మూడుసార్లు ఇక్కడే దాటాలి. పచ్చలైటు సమయాన్ని 30 సెకన్లకు పెంచాలని ట్రాఫిక్ విభాగాన్ని కోరుతున్నాను.’ ఐదే వాక్యాలు. ఒక్క తిట్టు లేదు. కానీ ఈ లేఖకు జవాబు చెప్పాలంటే ఎవరో ఒకరు వాచీ పట్టుకుని ఆ సిగ్నల్ దగ్గరికి వెళ్ళక తప్పదు. 12 సెకన్లన్నది తప్పయితే తప్పని చెప్పాలి, ఒప్పయితే సరిచేయాలి. లేఖ రాయడానికి ముందు ఆ మనిషి కూడా ఒకసారి నిలబడి లెక్కపెట్టి ఉండాలి. లేఖలో అసలు శ్రమ అక్కడే ఉంది. రాత పని ఆ తర్వాత తేలికే.

1893లో దక్షిణాఫ్రికాలోని డర్బన్ కోర్టులో గాంధీని తలపాగా తీసేయమన్నారు. ఆయన తీయకుండా బయటికి వచ్చేసి, జరిగింది వివరిస్తూ, తలపాగాను సమర్థించుకుంటూ పత్రికలకు రాశారు. అప్పటికి ఆయన వయసు 23. ఆ దేశంలో ఆయన ఎవరో ఎవరికీ తెలియదు. వలస పాలన మీద సిద్ధాంత వ్యాసం రాసి ఉంటే ఎవరైనా పట్టించుకునేవారో లేదో. తనకు ఒక గదిలో, ఒక రోజు జరిగినదాని గురించి రాశారు. పత్రికల్లో దాని మీద చర్చ లేచింది. ఆయన్ను అవాంఛిత అతిథి అన్నవాళ్ళూ ఉన్నారు, సమర్థించినవాళ్ళూ ఉన్నారు. అడుగుపెట్టిన కొద్ది రోజులకే ఆయన పేరు నలుగురికీ తెలిసింది.

ఇక పత్రికలో లేఖలను ఎంచి, దిద్దే డెస్క్ మీద ఏం జరుగుతుందో చూద్దాం. చాలా పత్రికలు లేఖకు 150 నుంచి 300 మాటల దాకా పరిమితి పెడతాయి. ఏ వార్త మీద రాస్తున్నామో, అది ఏ తేదీన వచ్చిందో మొదటి వాక్యంలోనే ఉంటే చూసేవాళ్ళకు పని సులువవుతుంది. వార్త వచ్చిన రెండు మూడు రోజుల్లో పంపాలి. పదిహేను రోజులు దాటితే విషయం ఎంత మంచిదైనా పక్కకు పోతుంది. అటాచ్‌మెంట్‌గా కాకుండా మెయిల్‌లోనే రాసి పంపడం మేలు. నిజానికి ఇవన్నీ పత్రిక ఏ మూలనో వేసే సూచనల్లోనే ఉంటాయి. అవి చదవకుండా పంపినవే ముందు పక్కకు వెళ్తాయి.

ఎంపిక ఎలా జరుగుతుందన్నది అంతకంటే లోతైన విషయం. పత్రికల్లో లేఖలు చూసే ఎడిటర్లతో మాట్లాడిన కరీన్ వాల్-యోర్గెన్సెన్ అనే జర్నలిజం పరిశోధకురాలు, వాళ్ళు నాలుగు కొలతలతో లేఖలను ఎంచుతారని తేల్చారు. సందర్భానికి తగినదా, చదివించేలా ఉందా, క్లుప్తంగా ఉందా, రాసిన తీరులో సాధికారత ఉందా. మొదటి మూడింటితో నాకు పేచీ లేదు. నాలుగోదానితోనే ఉంది. చక్కటి భాష, చదువు ఉన్నవాళ్ళ లేఖ సాధికారంగా కనిపిస్తుంది. రోజూ ఆ రోడ్డు ఊడ్చే మనిషికి ఆ రోడ్డు గురించి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కానీ అతను రాసిన కాగితంలో అక్షరదోషాలుంటాయి, వాక్యం ఎక్కడో తెగిపోతుంది. అలాంటి లేఖను పక్కన పడేసే డెస్క్ తనకు దొరికే అత్యంత విలువైన సమాచారాన్ని పోగొట్టుకుంటోంది. రిపోర్టర్ రాసిన వార్తను దిద్దే సబ్ ఎడిటర్, పాఠకుడి లేఖకు పది నిమిషాలు ఎందుకు ఇవ్వలేడు? ఫోన్‌లో చెప్పించుకుని రాసి, తిరిగి చదివి వినిపించి, సరేనన్నాక వేయవచ్చు.

దిద్దడం గురించి పాఠకులకూ ఒక మాట చెప్పాలి. లేఖను కుదించే హక్కు ఎడిటర్‌కు ఉంది. అర్థం మార్చే హక్కు లేదు. భారత ప్రెస్ కౌన్సిల్ నియమాల సారాంశం కూడా ఇదే. వివాదాస్పద విషయం మీద వచ్చిన లేఖలన్నీ వేయాల్సిన పని లేదు కానీ, వేసేవి ఒకే పక్షానివి కాకుండా చూసుకోవాలని కూడా అవి చెబుతాయి. దీనికి ఒక హద్దుంది. వాతావరణ మార్పుకు మనుషులు కారణం కాదనే లేఖలను వేయబోమని 2013లో ‘లాస్ ఏంజెలెస్ టైమ్స్’ ప్రకటించింది. అది అభిప్రాయ భేదం కిందికి రాదని, వాస్తవ దోషమని వాళ్ళ వాదన. నేను దీన్ని పూర్తిగా సమర్థిస్తాను. రెండు వైపులా వేయడమంటే తప్పుకూ ఒప్పుకూ సమానంగా చోటివ్వడం అని కాదు.

పేరు విషయం దగ్గరే చాలామంది ఆగిపోతారు. పేరు వేస్తే ఎవరైనా కక్ష కడతారేమో, ఉద్యోగానికి ఎసరు వస్తుందేమో అనే టెన్షన్ ఉత్త భయమేం కాదు. మారుపేర్లకు పెద్ద చరిత్రే ఉంది. 1722లో బోస్టన్‌లో 16 ఏళ్ళ బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక వితంతువు పేరుతో 14 లేఖలు రాసి, సొంత అన్న నడిపే పత్రికకే పంపాడు. అచ్చాఫీసు తలుపు కింద నుంచి తోసి వెళ్ళేవాడు. ఎవరు రాస్తున్నారో తెలియకే వాటిని అచ్చువేశారు. అలాంటి లేఖలకు నేటికీ చోటుండాలి. దానికి సరైన పద్ధతి కూడా ఉంది. పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఎడిటర్‌కు ఇవ్వాలి. అడిగినప్పుడు, కారణం సబబుగా ఉన్నప్పుడు పత్రికలో పేరు ఆపాలి. ఎడిటర్‌కు కూడా తెలియని మనిషి లేఖను మాత్రం వేయకూడదు. లేఖలో పరువునష్టం ఉంటే రాసినవారితో పాటు అచ్చువేసిన పత్రిక కూడా చట్టానికి జవాబు చెప్పుకోవాలి.

రాసిన మనిషి నిజంగా ఉన్నాడా, అతనే రాశాడా అని ఫోన్ చేసి కనుక్కోవడం ఇందుకే. 2003లో ఇరాక్‌లోని కిర్కుక్‌లో ఉన్న అమెరికా సైనికుల పేర్లతో వాళ్ళ సొంత ఊళ్ళ పత్రికలకు లేఖలు వచ్చాయి. అక్కడ పరిస్థితి బాగుపడుతోందని వాటి సారాంశం. వాషింగ్టన్ రాష్ట్రంలోని ‘ది ఒలింపియన్’ అనే పత్రికకు ఇద్దరు వేర్వేరు సైనికుల నుంచి అక్షరం పొల్లుపోకుండా ఒకే లేఖ రావడంతో అనుమానం మొదలైంది. ఆరా తీస్తే అదే పాఠం పదికి పైగా పత్రికల్లో అప్పటికే అచ్చయిందని తేలింది. కొందరు సైనికులు తాము సంతకమే చేయలేదన్నారు. చివరికి ఆ ఆలోచన తనదేనని బెటాలియన్ కమాండర్ ఒప్పుకున్నాడు. అప్పట్లో మాట మాటా కలిసింది కాబట్టి దొరికింది. ఇప్పుడు ఏఐతో ఒకే ప్రచారాన్ని ఒక్కో పత్రికకు ఒక్కో రకంగా, ఒక్కో మనిషి గొంతుతో క్షణాల్లో రాయించి పంపవచ్చు. పోల్చి చూస్తే దొరకదు. ఫోన్ చేసి ‘ఆ సిగ్నల్ ఎక్కడండీ, మీరు ఎప్పుడు చూశారు’ అని అడిగితే దొరుకుతుంది. అక్కడ నిలబడి చూసినవాళ్ళు తడుముకోకుండా చెబుతారు.

పేరుతో రాయడంలో ఇంకో మేలుంది. తప్పు దొర్లితే దిద్దుకోవచ్చు. 1913 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ ప్రకృతి శాస్త్రవేత్త రిచర్డ్ లిడెకర్, వసంతంలో కూయాల్సిన కకూ పక్షి అప్పుడే కూయగా విన్నానని లండన్ ‘టైమ్స్’కు రాశాడు. కొద్ది రోజులకే మరో లేఖ రాశాడు. ఆ కూత పక్షిది కాదని, దగ్గర్లో పనిచేస్తున్న తాపీ కూలీ దాన్ని అనుకరించాడని. ఎంత పేరున్నవాడైనా అదే కాలమ్‌లోకి వచ్చి పొరపాటు చెప్పుకున్నాడు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో తప్పుడు పోస్టు పెట్టినవారు దాన్ని తీసేసి ఊరుకుంటారు. చదివినవాళ్ళకు అది తప్పని ఎప్పటికీ తెలియదు.

ఇంతవరకు పాఠకుల బాధ్యత ఎక్కువగా చెప్పాను. పత్రికల మీద ఉన్న బాకీ అంతకంటే పెద్దది. దక్షిణాఫ్రికాలో 1903లో మొదలైన ‘ఇండియన్ ఒపీనియన్’ అనే పత్రికను నడిపిన రోజుల్లో తనకు వెల్లువలా ఉత్తరాలు వచ్చేవని, స్నేహంగా రాసినవీ విమర్శించినవీ చేదుగా ఉన్నవీ అన్నీ చదివి జవాబివ్వడమే తనకు మంచి చదువైందని గాంధీ రాసుకున్నారు. ఇవాళ చాలాచోట్ల లేఖ అందిందో లేదో కూడా పంపినవాళ్ళకు తెలియదు. ప్రకటన వస్తే ముందు కోత పడేది లేఖల జాగాకే. అమెరికాలో 2005 నుంచి మూడో వంతుకు పైగా పత్రికలు మూతపడ్డాయి. వాటితో పాటు ఆ ఊళ్ళ జనం రాసుకునే చోటు కూడా పోయింది. బతికున్న పత్రికలు ఆ చోటును తామే కుదించుకోవడం నాకు అర్థం కాని సంగతి. ఆ పేజీకి రాసేవాళ్ళు జీతం అడగరు. ఊళ్ళో రిపోర్టర్ వెళ్ళలేని ప్రతి వీధిలోనూ ఉంటారు.

స్థానిక పత్రికలు కనీసం ఒక్క పని చేయాలి. వేసిన ప్రతి ఫిర్యాదు లేఖనూ అదే రోజు సంబంధిత విభాగానికి పంపి, వారం గడువిచ్చి, వచ్చిన జవాబును అదే కాలమ్‌లో, లేఖ రాసినవారి పేరు పక్కనే వేయాలి. జవాబు రాకపోతే, ఏ తేదీన ఎవరిని అడిగామో రాసి, వాళ్ళు ఏమీ చెప్పలేదన్న మాటే వేయాలి. నెలకోసారి పాత లేఖల్లో ఏవి పరిష్కారమయ్యాయో ఒక చిన్న జాబితా ఇవ్వాలి. దీనికి కొత్త ఉద్యోగులు అక్కర్లేదు, లేఖలు చూసే సబ్ ఎడిటర్‌కు వారంలో ఒక పూట చాలు.