మూడేళ్ళ మెట్ల మీద మా ఆయన

పెళ్ళిరోజుకి జపాన్‌లో క్యోటో వెళ్దామన్నది మా ఆయనే. నేనైతే ఏ కూర్గో మున్నారో అయినా చాలనుకున్నా, కానీ ఈయనకి చరిత్ర ఉన్న ఊరే కావాలి, ఎందుకంటే ఏ ఊరెళ్ళినా దాని గురించి ముందే అంతా చదివేసుకుని అక్కడ నాకు పాఠం చెప్పకపోతే ఈయనకి తిన్నది అరగదు. ఫ్లైట్ ఎక్కిన దగ్గర్నించీ మొదలు, 794లో రాజధాని అయిందట, వెయ్యేళ్ళ పైనే చక్రవర్తులు అక్కడే ఉన్నారట, నేను నిద్ర నటిస్తుంటే చెవుల్లోంచి హెడ్‌ఫోన్స్ తీసి మరీ చెప్పారు.

పెళ్ళిరోజు పొద్దున్నే ఇంకో ఐడియా. ఇద్దరం కిమోనోలు, అంటే వాళ్ళ సంప్రదాయ దుస్తులు, అద్దెకి తీసుకుని తిరుగుదాం అని. అక్కడ అది మామూలే, గుళ్ళున్న వీధుల్లో ఎక్కడ చూసినా అద్దె షాపులే, వాళ్ళే కట్టిస్తారు, సాయంత్రానికి తిరిగిచ్చేయాలి. నాకు కట్టడానికి పట్టిన టైంలో మన పెళ్ళిళ్ళలో తలంబ్రాల దాకా వచ్చేస్తారు. ఈయన్ని మాత్రం ఐదు నిమిషాల్లో తేల్చేశారు, నడుం కింద సన్న పట్టీ ఒకటి బిగించి, కాళ్ళకి జోరీలని వాళ్ళ చెప్పులు తగిలించి బయటికి పంపేశారు. ఆ జోరీలకి మడమ కొంచెం వెనక్కి బయటికి రావాలట, పైగా కిమోనోలో అడుగు మూరెడు కూడా పడదు, చిన్న చిన్న అడుగులు వెయ్యాలి అని షాపమ్మాయి నడిచి మరీ చూపించింది. ఆ టైంలో ఈయన అద్దంలో సెల్ఫీ తీసుకుంటున్నారు.

నవంబర్ ఆఖరు, మేపుల్ ఆకులు ఎర్రబడే రోజులు, ఊరంతా జనం. యసాకా పగోడా అనే అంతస్తుల బౌద్ధ గోపురం ముందు ఫోటో దిగి, అట్నించి పాత చెక్క ఇళ్ళ మధ్య రాతి మెట్ల దారి పట్టాం, కియోమిజు గుడికి వెళ్ళే దారుల్లో అదొకటి. అక్కడ మొదలైంది పాఠం. "ఇది నినెన్‌జాకా, ఇక్కడ జారిపడితే రెండేళ్ళలో పోతారని ఇక్కడివాళ్ళ నమ్మకం. పైన వచ్చేది సన్నెన్‌జాకా, అక్కడ పడితే మూడేళ్ళు" అన్నారు. అయితే పడేదేదో పైకెళ్ళే పడండి, ఓ ఏడాది కలిసొస్తుంది అన్నా. నిజంగా నవ్వులాటకే అన్నాను, తర్వాత మా అత్తయ్య ఎన్నిసార్లు ఎత్తిపొడిచినా నేను చెప్పేది అదే.

సరిగ్గా సన్నెన్‌జాకా మెట్ల దగ్గరికొచ్చేసరికి తెనాలి నించి అత్తయ్య వీడియో కాల్. అక్కడ పొద్దున్న ఏడున్నర, కాఫీ గ్లాసుతో కూర్చునుంటారు. ఈయనకి విద్యార్థి దొరికేసింది. ఫోన్ నా చేతిలో పెట్టి, "నువ్వు పట్టుకో, నేను అమ్మకి చూపిస్తా" అని నా వైపు తిరిగి, వెనక్కి వెనక్కి మెట్లెక్కుతూ, "అమ్మా, ఇదిగో సరిగ్గా ఇక్కడ పడితే మూడేళ్ళలో..." అన్నారు. అంతే, ఆ వాక్యం ఇప్పటికీ పూర్తవలేదు. ఎడమకాలి జోరీ ఒకవైపు, ఈయనొకవైపు, పడుతూ పడుతూ నా కిమోనో చెయ్యి పట్టి లాగితే నేనూ మోకాలి మీదకొచ్చా, కానీ ఫోన్ మాత్రం వదల్లేదు. చుట్టూ ఉన్న జనం అందరూ ఒకేసారి "ఆ..." అన్నారు, అది దెబ్బ తగిలిందని అన్న "ఆ" కాదు, అయ్యో పాపం మూడేళ్ళే అన్న "ఆ".

"ఏవైందే? పడ్డాడా? ఆ మూడేళ్ళ చోటేనా?" అని ఫోన్లోంచి అత్తయ్య.

ఈయనకి దెబ్బేం తగల్లేదు గానీ పట్టీ జారిపోయి కిమోనో ముందంతా తెరుచుకుపోయింది. అందరూ చూస్తున్నారన్న కంగారులో గబగబా లుంగీ చుట్టుకున్నట్టు చుట్టేసి పట్టీ లాగి ముడేశారు, ఏం కానట్టు నవ్వారు. ఇక్కడే అసలు గొడవ. కిమోనోకి ఎడమ పక్క అంచు పైకి రావాలి. కుడి పక్కది పైకి వస్తే అది శవానికి కట్టే పద్ధతి. అంత చదువుకున్న మనిషి ఈ ఒక్క ముక్కా చదవలేదు. అంటే ఏమైందంటే, చావు మెట్ల మీద పడి లేచి, చనిపోయినవాళ్ళ కట్టుతో నిలబడి జనానికి నమస్కారాలు పెడుతున్నారన్నమాట.

కింద మెట్ల మీంచి ఓ ముసలావిడ, డెబ్భై దాటుంటాయి, చేతిలో సంచీ పక్కన పడేసి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. ఏదో చెప్పింది, ఈయనకి అర్థం కాక మెచ్చుకుంటోందనుకుని వంగి "అరిగాతో", అంటే థాంక్స్, అన్నారు. ఆవిడ ఇంక మాటలు అనవసరమనుకుని ఈయన్ని గోడ పక్కకి లాగి, పట్టీ విప్పేసి, రెండంచులూ బార్లా తెరిచింది. లోపల గళ్ళ షార్ట్సూ, చలికి వేసుకున్న థర్మల్ బనీనూ. నేను ఫోన్ అటే పట్టుకుని ఉన్నానని నాకు గుర్తే లేదు.

"ఎవర్తే అది? నడివీధిలో నా కొడుకు బట్టలు విప్పుతోందేంటే!"

ముసలావిడ మాత్రం చలించలేదు, కుడి అంచు లోపలికి, ఎడమ అంచు పైకి, పట్టీ బిగించి, చిన్నపిల్లాడికి దులిపినట్టు వెనక రెండు దులుపులు దులిపి, కిందకి వేలు చూపించింది. మెట్ల కింద చిన్న షాపు, నిండా ఎండిన సొరకాయ బుర్రలు, బొటనవేలంతవి కూడా ఉన్నాయి దారాలు కట్టి. ఇక్కడ పడ్డవాళ్ళు ఆ బుర్ర కొనుక్కుంటే కీడు పోతుందట.

మా ఆయన ఒక్కసారిగా హేతువాది అయిపోయారు. "ఇదంతా మూఢనమ్మకం, ఈ దారి దైదో శకం మూడో ఏట, అంటే 808లో వేశారు కాబట్టి మూడేళ్ళ పేరొచ్చిందని కూడా చెప్తారు" అని. అయిదు నిమిషాల క్రితం ఈ సంగతి ఎందుకు చెప్పలేదో మరి. అత్తయ్య మాత్రం "ఒరేయ్, నోర్మూసుకుని ఆ బుర్ర కొనుక్కో" అన్నారు. గోడ పట్టుకుని మళ్ళీ కిందకి దిగాం. షాపులో ఇంకో పేచీ. నా మోకాలు మాత్రమే ఆనింది కదా, అది పడ్డం కిందకి రాదు, ఒక్కటి చాలు అంటారీయన. పెళ్ళిరోజు నాడు. నా ఆయుష్షు దగ్గర బేరం. అత్తయ్యే తీర్పు చెప్పారు, "ఇద్దరికీ కొను, ముందు దానికి కొను."

నడుముకి బుర్ర కట్టుకున్నాక ఈయనకి ధైర్యం వచ్చేసింది. గుడి దగ్గర చెక్క మండపం మీంచి కిందకి చూపించి, 13 మీటర్ల ఎత్తు, రెండు మూడొందల ఏళ్ళ కిందటి ఎడో కాలంలో కోరిక తీరుతుందని ఇక్కణ్ణించి దూకేవాళ్ళు, 234 మంది దూకినట్టు లెక్క ఉంది, ఎక్కువమంది బతికారు, 1872లో ఆపించేశారు, నేను పడింది రెండు మెట్లే అన్నారు. కానీ కింద ఒతోవా ధార దగ్గరికెళ్ళగానే మళ్ళీ జారిపోయారు, మాటల్లోనే లెండి. మూడు ధారలు పడుతుంటాయి, ఒకటి ఆయుష్షుకి, ఒకటి చదువుకి, ఒకటి ప్రేమకి, మూడూ తాగితే అత్యాశట. ఏది ఏదో ఈయన నోట్స్‌లో ఒకచోట కుడినించి, ఇంకోచోట ఎడమనించి రాసుంది. పొడుగు కాడ గరిటె పట్టుకుని ఆయుష్షు ఎటు, ఆయుష్షు ఎటు అంటూ నిలబడిపోయారు, వెనక క్యూ పెరిగిపోతోంది. ప్రేమ ఎటో మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆ మెట్ల వైపు వెళ్ళనే లేదు, వేరే దారిన దిగి బస్సెక్కేశాం. షాపులో కిమోనో ఇచ్చేస్తుంటే ఆ అమ్మాయి వెనక మట్టి మరక చూసి నవ్వాపుకుంటూ "సన్నెన్‌జాకా?" అంది. ఈయన గంభీరంగా కాదు కాదు అన్నారు, నడుముకి బుర్ర వేలాడుతూనే ఉంది.

రాత్రి అత్తయ్య వాయిస్ మెసేజ్: "మీ మావయ్యకి కూడా ఒకటి పట్టుకురా అమ్మా, మొన్న బాత్రూంలో పడ్డారు. వేరే చోట పడినా పనిచేస్తుందేమో షాపులో కనుక్కో."